రైజెన్ 9 5950ఎక్స్: పెండ్లి వీడియోల ఎన్‌కోడింగ్‌లో మూడేండ్ల వాడకం

హనుమకొండలోని మా వీడియో యూనిట్‌లో ఈ ప్రాసెసర్ మూడేండ్లుగా రోజూ నడుస్తున్నది. 16 కోర్లు, 32 థ్రెడ్లు. పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది, అయితే వీడియోను చిన్న ఫైలుగా కుదించే ఎన్‌కోడర్‌ను దాని మానాన వదిలేస్తే మాత్రం చేయదు. 1080పీ పెండ్లి వీడియోను ఎక్స్265 అనే ఎన్‌కోడర్‌కు ఒక్కటే ఇచ్చి టాస్క్ మేనేజర్ తెరవండి, థ్రెడ్డుకొకటి చొప్పున ఉండే 32 గడుల్లో చాలావరకు అరకొరగానే కదులుతుంటాయి.

కారణం ఇదీ. ఎక్స్265 ఫ్రేమును 64 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, వరుసకో థ్రెడ్డు చొప్పున పని పంచుతుంది. 1080పీలో అట్లాంటి వరుసలు 17 మాత్రమే. కింది వరుస పై వరుసకు రెండు గడులు వెనకే నడవాలి కాబట్టి ఫ్రేము మొదట్లో, చివర్లో ఆ 17 కూడా ఒకేసారి పనిలో ఉండవు. తర్వాతి ఫ్రేములను ముందే మొదలుపెట్టి కొంత పూడ్చుకుంటుంది గానీ, అంతా పూడదు. 4కెలో 34 వరుసలు, అక్కడ ఇబ్బంది తక్కువ. 1080పీలో సీటీయూ, అంటే ఆ గడి సైజు, 32 పెట్టినా 34 వస్తాయి, కాకపోతే అదే క్వాలిటీకి ఫైలు కొంత బరువెక్కుతుంది. అందుకే అది మాకు నచ్చలేదు.

మాకు కుదిరింది ముక్కలు చేసే పద్ధతి. ఎడిట్ అయిన టైమ్‌లైన్‌ను డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో తీస్తాం. అందులో ప్రతి ఫ్రేమూ కీఫ్రేమే, అంటే పక్క ఫ్రేములతో పనిలేకుండా దానికదే పూర్తి బొమ్మ, ఎక్కడైనా కోయొచ్చు. 1080పీలో గంటకు దాదాపు 80 జీబీ అవుతుంది, డిస్కులో జాగా చూసుకోవాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌తో రెండేసి నిమిషాల ముక్కలు కోసి, ఒకేసారి నాలుగు ఎన్‌కోడ్లు, ఒక్కోదానికి పూల్స్ 8, అంటే ఎనిమిదేసి థ్రెడ్లు. వీడియోను సరిగ్గా నాలుగు పెద్ద ముక్కలు చేయకండి. తలంబ్రాల ముందు అందరూ కూర్చున్న ముక్క తొందరగా అయిపోతుంది, బరాత్ డాన్సు ముక్క సాగుతూనే ఉంటుంది, మిగతా కోర్లు దానికోసం ఖాళీగా కూర్చుంటాయి. మేడారం జాతర జనం, దుమ్ము ఉన్న షాట్లయితే ఈ తేడా ఇంకా ఎక్కువ.

ఆడియోను ముక్కలతో కలిపి ఎన్‌కోడ్ చేయొద్దు. ఏఏసీ ఆడియో ఫార్మాట్ ప్రతి ముక్క మొదట్లో కొంత ఖాళీ చేరుస్తుంది, అతికిన చోట మంగళవాద్యం మధ్యలో టక్‌మని వినపడుతుంది. ఆడియో మొత్తం ఒకేసారి చేసి, వీడియో ముక్కలను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని కాన్‌క్యాట్‌తో అతికాక జతచేయాలి. బిట్‌రేటు బదులు క్వాలిటీనే లెక్కగా పెట్టే సీఆర్‌ఎఫ్ వాడితే క్వాలిటీ అన్ని ముక్కల్లో ఒకే తీరుగా ఉంటుంది.

ఫిల్టర్ల దగ్గర జాగ్రత్త. నాయిస్ తీసే హెచ్‌క్యూడీఎన్3డీ పనిని ఫ్రేములోని మూడు ప్లేన్లకే (వెలుగుకు లూమా ఒకటి, రంగులకు క్రోమా రెండు) పంచుతుంది, అందులో లూమా ఒక్కటే ఒక్కో క్రోమా కంటే పెద్దది. అక్కడ ఆగిన ఫ్రేముల కోసం ఎన్‌కోడర్ ఎదురుచూస్తుంది. ముక్కల పద్ధతిలో నాలుగు ఫిల్టర్లు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఆ అడ్డంకీ చాలావరకు పోయింది. 4కె 10 బిట్‌కు 32 జీబీ ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే డిస్కులోకి, పోయి మరీ నెమ్మదించింది, 64 పెట్టాకే కుదిరింది.

మే నెల ఎండల్లో 142 వాట్లకు వదిలేస్తే వేడి 90 డిగ్రీలు తాకి క్లాక్ పడిపోతుంది. బయాస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెడితే పరిమితి 88 వాట్లకు దిగుతుంది. వేగం కొంత తగ్గుతుంది, అయినా రాత్రంతా ఒకే లెక్కన నడుస్తుంది. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసినా పోయేది నడుస్తున్న నాలుగు ముక్కలే, పొద్దున అక్కడి నుంచే అందుకుంటాం.