ఫ్రీమేసన్ లాడ్జీలు, శ్రీసభ బోధన: ఐదు వారాల ఆన్‌లైన్ తరగతులపై నా అభిప్రాయం

మా అన్నయ్య ఫ్రీమేసన్ లాడ్జిలో, అంటే రహస్య ప్రమాణాలతో నడిచే ఒక సోదర సంఘపు స్థానిక శాఖలో, చేరి చాలా కాలమైంది. ఆదివారం దివ్యబలిపూజ (మాస్) మానరు, అందులో ఇచ్చే సత్ప్రసాదమూ స్వీకరిస్తారు. కతోలికులు మేసన్లు కాకూడదన్న నిషేధం 1983లో శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం మారినప్పుడే తొలగిపోయిందని ఆయన నమ్మకం. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలనే తపనతో, ఒక మఠవాస గురువుల సభ నిర్వహించే ఈ తరగతుల్లో చేరాను.

మొదటి వారమంతా చరిత్ర. 1717లో లండన్‌లో గ్రాండ్ లాడ్జి ఏర్పడడం, 1738లో పన్నెండవ క్లెమెంట్ పోపు తొలిసారి నిషేధించడం, 1884లో పదమూడవ లియో పోపు మేసన్లను ఖండిస్తూ విశ్వలేఖ (సభ అంతటికీ పోపు రాసే లేఖ) రాయడం, ఇవన్నీ వారు పంపిన నోట్సు చదివినా తెలుస్తాయి.

రెండో వారం కోసమే ఈ తరగతుల్లో చేరవచ్చు. 1917 నాటి చట్టం 2335వ సూత్రంలో మేసన్ల పేరు చెప్పి మరీ, చేరినవారు ఆ చర్యతోనే వెలికి (శ్రీసభ నుంచి బహిష్కరణకు) గురవుతారని శాసించింది. 1983 చట్టంలోని 1374వ సూత్రం శ్రీసభకు వ్యతిరేకంగా కుట్ర పన్నే సంఘాల గురించి మాత్రమే చెబుతుంది. మేసన్ల పేరు అందులో లేదు. మా అన్నయ్యలాంటివారు పొరబడింది ఇక్కడే. అయితే ఆ చట్టం అమల్లోకి రావడానికి ఒక్కరోజు ముందు, నవంబరు 26న, వాటికన్‌లో విశ్వాస బోధనను చూసే విభాగానికి అధిపతి అయిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో, రెండవ జాన్ పాల్ పోపు ఆమోదంతో వెలువడిన ప్రకటన, నిషేధం యథాతథంగా ఉందనీ, చేరినవారు ఘోరపాప స్థితిలో ఉంటారు గనుక సత్ప్రసాదం స్వీకరించరాదనీ, స్థానిక అధికారులెవరూ దీన్ని సడలించలేరనీ స్పష్టం చేసింది. 2023 నవంబరులో ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక పీఠాధిపతికి (బిషప్‌కు) ఇచ్చిన జవాబులోనూ వాటికన్ అదే చెప్పింది. శిక్ష మారినంత మాత్రాన పాపం పాపం కాకుండా పోదని బోధకులు ఓపికగా విడమరిచారు.

మూడో వారంలో కారణాలు వివరించారు. లాడ్జీలు చేసే దానధర్మాలను బోధకులు తక్కువచేసి మాట్లాడలేదు. ఇంగ్లండు సంప్రదాయపు లాడ్జీల్లో మతచర్చకు తావులేదని కూడా ఒప్పుకున్నారు. చిక్కు అక్కడే ఉందన్నారు. 1723 నాటి మేసన్ల నియమావళి మనుషులందరూ అంగీకరించే మతం చాలునంటుంది. దేవునికి మేసన్లు వాడే విశ్వమహాశిల్పి అన్న పేరులో ఎవరికి తోచిన దేవుణ్ణి వారు చూసుకోవచ్చు. క్రీస్తే మార్గమని జ్ఞానస్నానంలో ఒప్పుకున్నవాడు, ఆయన పేరును గుమ్మం బయట విడిచి, లోపల ఏముందో పూర్తిగా తెలియకుండానే పవిత్రగ్రంథం మీద చేయివేసి రహస్య ప్రమాణం చేయడం ఎలా కుదురుతుంది? లాడ్జిలో ఎవరూ శ్రీసభను దూషించరన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు నేను వినలేదు.

నాలుగో వారం మాత్రం నన్ను బాధపెట్టింది. అతిథిగా వచ్చిన వక్త ఆధారాలు చూపకుండా ప్రపంచాన్ని నడిపే రహస్య కుట్రల గురించి గంటసేపు మాట్లాడారు. తోటి సభ్యులను మంచివారిగా ఎరిగిన మా అన్నయ్య అది వింటే, అంతకుముందు చెప్పిన నిజాలను కూడా కొట్టిపారేస్తారు. ఆ సమయాన్ని లాడ్జి నుంచి బయటపడే మార్గానికి కేటాయించాల్సింది: రాజీనామా ఎలా ఇవ్వాలి, పాపసంకీర్తనానికి (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి) ఎలా సిద్ధపడాలి, ఏళ్లనాటి స్నేహాలను ఏం చేసుకోవాలి అన్నవి చివరి వారంలో పది నిమిషాల్లో ముగిశాయి.

ఆ లోటును చివర్లో ఇచ్చే వ్యక్తిగత సంభాషణ కొంత తీర్చింది. అన్నయ్యతో వాదించవద్దనీ, సత్ప్రసాదపు వరుసలో ఆయనపై కాపలా కాయవద్దనీ, 1983 ప్రకటన ప్రతిని చేతికిచ్చి విచారణ గురువును (తన చర్చి బాధ్యుడైన గురువును) కలవమని అడగమనీ గురువుగారు చెప్పారు. ప్రతి ఇచ్చాను. అన్నయ్య రెండుసార్లు చదివి, తేదీ ఎప్పటిదని అడిగారు. ఇప్పుడు రెండో, మూడో వారాల రికార్డింగులు కావాలంటున్నారు. ఆ రెండే పంపుతాను.