ద్రాస్‌లో ఒక రాత్రి ఉండండి

గుంటూరులో మేం కలిసిన ముగ్గురు ట్రావెల్స్ వాళ్లూ కశ్మీర్, లద్దాఖ్ ప్యాకేజీలో, కార్గిల్ యుద్ధ స్మారకం ఉన్న ద్రాస్ ఊరికి ఇచ్చింది నలభై నిమిషాలే. "టీ తాగి, ఫొటోలు దిగి కార్గిల్ వెళ్లిపోతారు సార్" అన్నారొకరు. నాన్న ఆ కాగితం మడిచి తిరిగి ఇచ్చేసి లేచారు. చివరికి అన్నీ మేమే విడిగా బుక్ చేసుకున్నాం.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 1999లో ఆ యుద్ధంలో చనిపోయిన కెప్టెన్ విజయంత్ థాపర్ చివరి ఉత్తరాన్ని తెలుగులో రాసుకుని ఏటా పదో తరగతి పిల్లలకు చదివి వినిపించేవారు. 22 ఏళ్ల కుర్రవాడు దాడికి వెళ్లే ముందు ఇంటికి రాసిపెట్టిన ఉత్తరం అది. అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇవ్వమన్నాడు. కశ్మీర్‌లో తాను చేరదీసిన ఒక చిన్నపాపకు నెలకు 50 రూపాయలు పంపుతూ ఉండమన్నాడు. వీలైతే వచ్చి, సైన్యం ఎక్కడ పోరాడిందో చూడమన్నాడు. "ఆ పిల్లవాడు రమ్మన్నాడు కదమ్మా, కాళ్లు ఆడుతుండగానే వెళ్లొద్దాం" అని నాన్న రెండేళ్లుగా అంటున్నారు.

గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్ విమానంలోనే వెళ్లాం. పెద్దవాళ్లతో అయితే రైలు వద్దనే చెబుతాను. శ్రీనగర్‌లో రెండు రాత్రులు ఆగడం మంచిదైంది, శరీరం ఎత్తుకు కొంత అలవాటుపడింది. ఒక విషయం ముందే తెలియక ఇబ్బందిపడ్డాం. మన దగ్గరి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. నాన్న ఫోను గుంటూరు తిరిగొచ్చేదాకా మూగబోయింది.

శ్రీనగర్ నుంచి ద్రాస్ సుమారు 140 కిలోమీటర్లు. సోనమర్గ్ దాటాక జోజిలా కనుమ, 11,500 అడుగులు పైనే. ఒకవైపు కొండ, మరోవైపు లోయ, మధ్యలో బురద. మా డ్రైవరు నెమ్మదస్తుడు, ఎక్కడా తొందరపడలేదు. కారు మాట్లాడుకునేటప్పుడు బండి మోడల్ కన్నా డ్రైవరుకు ఆ దారిలో ఎన్నేళ్ల అనుభవం ఉందో అడగండి.

యుద్ధ స్మారకం ఊరికి కాస్త అవతల, హైవే పక్కనే, తోలోలింగ్ కొండ పాదాల దగ్గర ఉంది. గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్లాలి. డ్యూటీలో ఉన్న జవాను ఒకరు సందర్శకులను నిలబెట్టి, ఎదురుగా ఉన్న శిఖరాలను చేత్తో చూపిస్తూ హిందీలో వివరిస్తారు. నేను చూసిన ఏ మ్యూజియంలోనూ ఇంత బాగా చెప్పిన గైడు లేడు. విజయంత్‌ది 2 రాజపుతానా రైఫిల్స్ పటాలం. 1999 జూన్ 13న తోలోలింగ్‌ను చేజిక్కించుకున్న దళం అదే. 28వ తేదీ రాత్రి నోల్ అనే ఇరుకైన గట్టు మీదికి ఎక్కాలి. శత్రువు ఫిరంగి గుండ్లు ముందు నడుస్తున్న విజయంత్ ప్లాటూన్ (చిన్న సైనిక జట్టు) మీదే పడ్డాయి. కంపెనీ కమాండర్ మన హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య. రిజర్వు ప్లాటూన్‌తో బంకర్ల దాకా పాకి గ్రెనేడ్లు విసిరి, తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలో, తనను వదిలేసి ముందుకు వెళ్లమని జవాన్లను ఆదేశించి ప్రాణం విడిచారు. ఆ తర్వాత విజయంత్ మిగిలినవారితో ముందుకు వెళ్లాడు. 15 మీటర్ల దూరంలో మెషిన్ గన్లు. తలకు తూటా తగిలింది. గట్టు మాత్రం మనదైంది. మేజర్‌కు మహావీర చక్ర, విజయంత్‌కు వీర చక్ర, ఇద్దరికీ మరణానంతరమే.

గులాబిరంగు రాతి గోడ మీద పేర్లున్నాయి. నాన్న కళ్లజోడు తుడుచుకుని విజయంత్ పేరు దొరికేదాకా వరుసలన్నీ చదివారు. అక్కడే మూడు గంటలున్నాం, అయినా చాల్లేదు.

బస ఊళ్లోనే ఒక చిన్న ఇంట్లో. గది శుభ్రం, రజాయిలు బరువు. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు, అదీ అడిగితేనే. అన్నం, రాజ్మా పెట్టారు, మేం తీసుకెళ్లిన గోంగూర పచ్చడి ఆ ఇంటి పెద్దావిడకు తెగ నచ్చింది. కరెంటు రెండుసార్లు పోయింది. సౌకర్యం కావాలంటే కార్గిల్‌లోని హోటళ్లే మేలు, సందేహం లేదు. కానీ నేనైతే మళ్లీ ద్రాస్‌లోనే ఉంటాను.

ఎందుకంటే ఆ రాత్రి పున్నమికి ఒక్కరోజు తక్కువ. పదిన్నరకు లేచి చూస్తే నాన్న మంచం ఖాళీ. మంకీ క్యాప్, శాలువాతో వాకిట్లో నిలబడి ఉన్నారు. చెట్టన్నది లేని ఎదుటి కొండ మీద ఒక్కొక్క రాయీ, దాని నీడతో సహా, విడివిడిగా కనిపిస్తోంది. విజయంత్ దళం ఎక్కింది నిండు పున్నమినాడని ఆ ఉదయమే విన్నాం.

"ఇంత వెలుగులోనా అమ్మా ఎక్కింది?" అన్నారు నాన్న. ఇంటావిడ వచ్చి రెండోసారి పిలిచేదాకా లోపలికి రాలేదు.