ఎయిర్ ఫిల్టర్: గాలి కొట్టిద్దామా, కొత్తది వేద్దామా?

బండి పికప్ తగ్గిందంటే మెకానిక్ ముందుగా చూసేవాటిలో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలోని దుమ్మును ఆపే ఎయిర్ ఫిల్టర్ ఒకటి. అది కాగితం ఫిల్టర్ అయితే ఉన్నవి రెండే దారులు.

గాలి కొట్టించడం పది నిమిషాల పని, ఖర్చూ నామమాత్రమే. మట్టిరోడ్ల మీద తిరిగే కారుకో ట్రాక్టరుకో మడతల్లో పొడి దుమ్ము మాత్రమే ఉంటే ఇది చాలు. కానీ ఎలా కొడుతున్నారో దగ్గరుండి చూడాలి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో, కాస్త దూరం నుంచి కొట్టాలి. గన్ను కాగితానికి ఆనించి కొడితే ఫిల్టర్ తెల్లగానే వస్తుంది, కంటికి కనబడని చిరుగు మిగలొచ్చు. అందులోంచి దూరిన దుమ్ము సిలిండర్ గోడల్ని గీకేస్తుంది. నన్నడిగితే మూసుకుపోయినదాని కన్నా చిరిగిన ఫిల్టరే ప్రమాదం.

తడిసినా, నూనె పట్టినా, లైటుకు ఎదురుగా పెడితే వెలుతురు రాకపోయినా కొత్తది వేయాల్సిందే. చాలా స్కూటర్లు, బైకుల్లో ఉండే నూనె పూత విస్కస్ ఫిల్టర్‌కైతే గాలి మాటే ఎత్తొద్దు.

ఇక మైలేజీ. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ ఉన్న పాత బండ్లు ఫిల్టర్ మూసుకుంటే పెట్రోలు ఎక్కువ తాగుతాయి. ఇంజెక్షన్ కార్లలో కంప్యూటరే లోపలికొచ్చే గాలికి తగ్గట్టు ఇంధనం సర్దుతుంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ పరీక్షల్లోనూ అలాంటి కార్ల మైలేజీ పెద్దగా మారలేదు, వేగం అందుకోవడమే మందగించింది. కాబట్టి కారులో మైలేజీ లెక్కలు వదిలేసి, లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి ఈడుస్తోందేమో చూడండి.