తనిఖీ గడువుల లెక్కకు ఈడేట్: కొన్ని సీజన్లు వాడాక

వరంగల్ దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లులో తనిఖీల రిజిస్టర్ నేనే చూస్తాను. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కన హాయిస్టుకు (సరుకు పైకి చేర్చే లిఫ్టు) 6 నెలలకోసారి, బరువులెత్తే చైన్ పుల్లీలకు 12 నెలలకోసారి పరీక్ష జరగాల్సి ఉండేది; నా షీట్ ఆ లెక్కతోనే ఉంది. లారీలు తూచే వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి. ఈ గడువులన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఈడేట్ (EDATE) ఫంక్షన్‌తోనే తీస్తున్నాను.

కూడికలో దీనికి వంక పెట్టలేం. తేదీ, నెలల సంఖ్య ఇస్తే చాలు, అన్ని నెలల తర్వాతి తేదీ చెబుతుంది. ఆరు నెలలంటే 180 రోజులని కలుపుకుంటూ పోతే ఏడాదికి ఐదు రోజులు తేడా వస్తుంది, ఇందులో ఆ గొడవ లేదు. నెలాఖరు తేదీల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. ఆగస్టు 31కి 6 నెలలు కలిపితే, లీపు ఏడాది కాకపోతే ఫిబ్రవరి 28 వస్తుంది. దానికి మళ్లీ 6 కలిపితే ఆగస్టు 28. ఆ 31 ఇక తిరిగి రాదు. అందుకే వచ్చిన జవాబుకు కాకుండా మొదటి తేదీకే 6, 12, 18 అని కలపాలి.

అసలు తలనొప్పి ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్నది. చైన్ పుల్లీ గడువు అక్టోబర్ 20 అనుకుందాం. ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి దిగే రోజులవి, అప్పుడు పని ఆపుదామంటే సేఠ్ ఒప్పుకుంటాడా? దసరాకు ముందే, సెప్టెంబర్ 10న చేయించేస్తాం. తర్వాతి గడువును పాత లెక్కతో మళ్లీ అక్టోబర్ 20 అని వేస్తే రెండు పరీక్షల మధ్య 13 నెలలు దాటిపోతుంది. చట్టం అడిగింది ఆ మధ్య దూరాన్నే. కాబట్టి పరీక్ష జరిగిన రోజు నుంచే లెక్క; సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. దీనివల్ల గడువు ఏటా కాస్త ముందు తేదీకి జరుగుతుంది, వానాకాలం ఖాళీలో పడితే మాకూ మంచిదే. మంటలార్పే సిలిండర్లను నెలనెలా మేమే చూసుకుంటాం కదా, వాటికి మాత్రం ఒకటో తారీఖు అని కట్టేయడమే సుఖం. ఏ యంత్రానికి ఏ పద్ధతో ఫంక్షన్‌కు తెలియదు. నేను దానికో కాలమ్ పెట్టుకున్నాను.

గడువు ఆదివారం పడితే వెనక్కి, శనివారానికి జరపాలి. సోమవారానికి జరిపితే గడువు దాటినట్టే. పనిదినాలు లెక్కపెట్టే వర్క్‌డే డాట్ ఇంటల్ (WORKDAY.INTL) ఫంక్షన్‌లో ఆదివారం ఒక్కటే సెలవని చెప్పి, తేదీకి ఒకటి కలిపి, ఒక పనిదినం తీసేస్తే సరిపోతుంది. సెలవుల జాబితాలో మేడారం జాతర రోజులూ రాయండి. అప్పుడు తనిఖీకి వచ్చేవాళ్ల సంగతి అటుంచి, మిల్లులో మనిషే దొరకడు.

షీట్ లొకేల్ (ఏ దేశపు తేదీ పద్ధతి అన్న సెట్టింగ్) ఇండియా అని ఉందో లేదో ముందే చూసుకోవాలి. అమెరికా అని ఉంటే 03/04 మార్చి 4 అయి కూర్చుంటుంది, 25/04 అసలు తేదీయే కాదంటుంది. తేదీ వేయని గడికి 1900 నాటి గడువు చూపిస్తుంది, గడి ఖాళీయా అని చూసే ఇఫ్ (IF) ఫంక్షన్ ముందు తగిలిస్తే ఆ టెన్షన్ ఉండదు. ముప్పై రోజుల్లోపు గడువులకు ఎర్ర రంగు పెట్టాను కానీ, షీట్ తెరిస్తేనే కదా అది కనిపించేది. అందుకని ఫోన్‌లో అలారం వేరేగా పెట్టుకుంటున్నాను.