సియెన్‌ఫ్యూగోస్‌లో ఒక రాత్రైనా ఉండండి

క్యూబా వెళ్లేవాళ్లు చాలామంది హవానా నుంచి ఆ దేశంలోనే ఉన్న ట్రినిడాడ్ అనే ఊరికి పోతూ దారిలో సియెన్‌ఫ్యూగోస్‌లో ఓ పూట ఆగి, నాలుగు ఫొటోలు దిగి బయల్దేరిపోతారు. ఈ ఊళ్లో సందడి ఎండ తగ్గాకే మొదలవుతుంది. అందుకే రాత్రికి ఇక్కడే ఉండమంటాను.

స్పెయిన్ పాలనలో, 1819లో, బోర్డో నుంచి, లూసియానా నుంచి వచ్చిన ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఊరిది. గీత గీసినట్టు తిన్నని వీధులు. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి బేసి నంబర్లు, అడ్డంగా పోయేవాటికి సరి నంబర్లు. దారి తప్పుతామన్న టెన్షనే ఉండదు. పాత ఊరికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

హోసే మార్తీ పార్కు పక్కనే ఉన్న తోమాస్ తెర్రీ థియేటర్‌ను తప్పకుండా లోపలికెళ్లి చూడండి. 1890లో తెరిచారు. గుర్రపు లాడం ఆకారంలో హాలు, చెక్క కుర్చీలు, పైకప్పు నిండా బొమ్మలు. ఇటలీ ఒపెరా గాయకుడు కరూసో పాడిన వేదిక. తెర్రీ చక్కెర కోటీశ్వరుడు. జబ్బుపడిన బానిసలను చౌకగా కొని, కోలుకున్నాక ఎక్కువ ధరకు అమ్మి తొలి సొమ్ము కూడబెట్టాడంటారు. అంత అందం మధ్య కూర్చున్నా ఆ మాట నన్ను వదల్లేదు.

సాయంత్రం ప్రాదో వీధి వెంట నడవండి. టోపీ, చేతికర్రతో గాయకుడు బెన్నీ మొరే కంచు విగ్రహం కనిపిస్తుంది. ఆయనది ఈ ప్రాంతమే. అక్కడి నుంచి నీటి ఒడ్డున ఉన్న మలెకోన్ గట్టు. ఊళ్లోవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి గట్టు మీద కూర్చుని, పాటలు పెట్టుకుని, తెలియనివాళ్లనూ పలకరిస్తారు. నాకు ఈ ఊరు బాగా నచ్చింది ఇక్కడే.

బసకు పుంతా గోర్దా వైపు పెద్ద హోటళ్లకన్నా ప్రాదో దగ్గర కాసా, అంటే ఇంట్లోనే అద్దెకిచ్చే గది, మేలు. పొద్దున్నే జామ, బొప్పాయి ముక్కలు, గుడ్లు, చిక్కటి కాఫీ పెడతారు. కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి బ్యాకప్ ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి. అమెరికా బ్యాంకుల కార్డులు పనిచేయవు, నగదు ఉంచుకోండి. శాకాహారులు బీన్స్ అన్నం కోంగ్రీలో పంది మాంసం వేశారేమో కనుక్కోవాలి.

ఇంకో పూట ఉంటే పడవలో అఖాతం దాటి 1745 నాటి హాగువా కోటకు వెళ్లండి. తిరుగు పడవ టైము మాత్రం రేవులోనే అడిగి ఎక్కండి.