విశాఖ ఉప్పుగాలికి ఏ టెంట్ ఆగుతుంది? సైకిల్‌కీ, వీపుసంచికీ సరిపడే పాతవీ కొత్తవీ

విశాఖలో టెంట్ చెడేది కొండమీద కంటే ఇంట్లోనే ఎక్కువ. జనవరిలో లంబసింగి వెళ్ళొచ్చి, సంచిలో కుక్కి అటకెక్కించిన టెంట్‌ని దసరాకి దించి చూడండి. మధ్యలో మే నెల ఉక్కపోత గడిచింది, జూన్ నుంచి వానాకాలపు తేమ పట్టింది, ఏడాది పొడుగునా సముద్రపు గాలి తగులుతూనే ఉంది. ఫ్లై, అంటే టెంట్ మీద కప్పే బయటి గుడ్డ, లోపలివైపు వేళ్ళకి బంకగా అంటుకుంటుంది. వాంతి వాసన వస్తుంది. మడతలు విడదీస్తుంటే చిరచిరమని పూత పొరలుగా ఊడుతుంది. ఒక్క గట్టి వాన చూడకుండానే టెంట్ పని అయిపోయింది. అందుకే ఇక్కడ గ్రాములతో మొదలుపెట్టడం లేదు. ముందు పూత, తర్వాత టెంట్‌ని నిలబెట్టే కడ్డీ, అంటే పోల్, విడదీస్తే వచ్చే ముక్క పొడవు, ఆ తర్వాత గాలాడే తీరు, చివరికి బరువు చూద్దాం.

టెంట్ బట్ట నైలాన్ అయినా పాలిస్టర్ అయినా నీటిని ఆపేది దానిమీది పూతే. ఆ పూత పాలీయురిథేన్, అంటే పీయూ కావచ్చు, లేదా సిలికాన్ కావచ్చు. పీయూలో చవక రకం తేమకీ వేడికీ కలిపి విడిపోతుంది. దానికి వాన తగలక్కర్లేదు, గాలిలో ఉన్న చెమ్మ చాలు. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా పోతుంది. పీయూలోనే పాలీఈథర్ రకం, పీఈయూ అని రాసేది, చాలా మేలు. సిలికాన్‌కి ఈ జబ్బే లేదు. షాపులో అడిగితే ఈ తేడా చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి మీరే చూసుకోవాలి. ఫ్లైని తిరగేసి కుట్లు చూడండి. కుట్ల మీద సన్నటి టేపు అతికించి ఉంటే లోపలివైపు పీయూ గానీ పీఈయూ గానీ ఉన్నట్టే, ఎందుకంటే సిలికాన్ మీద ఆ టేపు అంటుకోదు. టేపు లేకుండా రెండువైపులా జారుతున్నట్టుంటే అది పూర్తి సిలికాన్ బట్ట. లేబుల్ మీద గొప్పగా రాసే 3000 మి.మీ., 4000 మి.మీ. అంకెలు, ఎంత ఎత్తు నీరు నిలబెడితే బట్ట కారడం మొదలవుతుందో చెప్పే కొలత. అది కొత్త బట్టకి కొలిచిన లెక్క. మన ఊళ్ళో మూడు వానాకాలాలు గడిచాక ఎంత మిగులుతుందో ఆ అంకె చెప్పదు.

పోగు సంగతి కూడా చూడాలి. నైలాన్ తన బరువులో దాదాపు 4 శాతం తేమ పీల్చుకుంటుంది, పాలిస్టర్ అరశాతం లోపే. సాయంత్రం బిగువుగా కట్టిన నైలాన్ ఫ్లై రాత్రి మంచుకి సాగి, తెల్లవారేసరికి లోపలి తెరకి ఆనుకుంటుంది. ఆనిన చోటల్లా చెమ్మ లోపలికి దిగుతుంది. పడుకోబోయే ముందు తాళ్ళు ఇంకోసారి లాగి కడితే చాలావరకు సరిపోతుంది. పాలిస్టర్‌కి ఆ శ్రమ లేదు, ఎండకి కూడా నైలాన్ కంటే బాగా ఆగుతుంది. చింపే బలానికి తట్టుకోవడంలో మాత్రం నైలాన్‌దే పైచేయి.

డెకాథ్లాన్ ఎంహెచ్100, ఇద్దరిది. మన ఊళ్ళో చేత్తో పట్టుకు చూసి కొనుక్కోగల టెంట్ ఇది. బరువు సుమారు రెండున్నర కిలోలు. ముందు లోపలి గది నిలబెట్టి, దానిమీద ఫ్లై కప్పాలి కాబట్టి వానలో వేస్తే లోపల తడుస్తుంది. పోల్స్ ఫైబర్‌గ్లాస్‌వి. అవి వంగినంతసేపూ వంగి, ఒకరోజు నిలువునా చీలతాయి. ఆ పీచు చేతిలో గుచ్చుకుంటే తీయడం కష్టం, తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. సంచి పొడవు సుమారు 60 సెం.మీ. కాబట్టి క్యారియర్ మీద అడ్డంగా కడితే రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది. ఘాట్‌లో పక్కనుంచి లారీ దూసుకెళ్తున్నప్పుడు అది మంచిది కాదు, నిలువుగా కట్టండి. ఇన్ని చెప్పినా, తాటిపూడి జలాశయం దాకా శని, ఆదివారాలు వెళ్ళొచ్చేవాళ్ళకి ఇది చాలు. మొదటి టెంట్‌గా ఇదే కొనమని చెప్తాం. నడక ప్రయాణానికి మాత్రం వద్దు.

నేచర్‌హైక్ క్లౌడ్ అప్ 2. ఆన్‌లైన్‌లో మనవాళ్ళు ఎక్కువగా తెప్పించుకునేది ఇదే. ఒకే పేరుతో రెండు బట్టల్లో వస్తుంది, కొనేటప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే. 210టీ అని ఉంటే పాలిస్టర్, బరువెక్కువ, ధర తక్కువ. 20డీ అని ఉంటే సిలికాన్ పూత నైలాన్, కింద పరిచే పట్టా కాకుండా కిలోన్నర పైచిలుకు. ఆ 20డీ బట్టకి కూడా సిలికాన్ బయటివైపే. లోపల కుట్లకి టేపు ఉంటుంది, అంటే పైన చెప్పిన జాగ్రత్త దీనికీ తప్పదు. నేల 210 × 125 సెం.మీ., ఎత్తు మీటరు. ఆరడుగుల మనిషి కూర్చుంటే తల తగులుతుంది. ద్వారం తలవైపు ఒక్కటే, ఇద్దరుంటే రాత్రి లేచేవాడు రెండోవాణ్ణి లేపాల్సిందే. పోల్ కాళ్ళవైపు ఒకే కాలి మీద దిగుతుంది కాబట్టి అక్కడి రెండు మూలలూ పెగ్, అంటే నేలలో దిగగొట్టే మేకు, కొడితేగానీ విచ్చుకోవు. బండమీదైతే ఆ మూలల్లో రాళ్ళో, నీళ్ళ సీసాలో పెట్టి లాగి కట్టాలి. డబ్బుకి తగ్గ టెంట్ అనే మాటకి ఇది నిజంగా తగుతుంది. దానితో వచ్చే సన్నటి పెగ్గులు మాత్రం మార్చేయండి.

పాతవాటిలో గౌరవించాల్సింది హిల్లెబర్గ్ ఆక్టో. స్వీడన్ కంపెనీది, 1995లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. ఒకరికి, 1.7 కిలోలు, మధ్యలో ఒకటే పోల్. లోపలి గది ఫ్లైకి వేలాడుతూనే ఉంటుంది కాబట్టి రెండూ కలిసే లేస్తాయి. కుండపోతలో వేసినా పడుకునే చోటు తడవదు. ఫ్లై రెండువైపులా సిలికాన్. సరిగ్గా దాచుకున్న పాత ఆక్టో ఫ్లై చేతిలోకి తీసుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా బట్ట ఆరోగ్యంగా ఉండటం చూసి ముచ్చటేస్తుంది. నేల మాత్రం పీయూ పూతదే. పాతది ఎవరైనా అమ్ముతుంటే ఫ్లై చూసి మురిసిపోకుండా నేల మూలలు వేళ్ళతో రుద్ది, వాసన చూడండి. దీనికి మన దగ్గర అసలు ఇబ్బంది ఉక్క. లోపలి గది గోడలు దోమతెరవి కావు, గుడ్డవి. లంబసింగిలో డిసెంబరు చలికి అది దుప్పటితో సమానం. భీమిలి తీరాన మార్చిలో వేస్తే నిద్రపట్టదు. పెగ్గులు లేకుండా నిలబడదు కూడా.

ఇక సైకిల్ వాళ్ళకి పనికొచ్చేవి చెప్పేముందు ఒక మాట. మన్యంలో సైకిల్ ప్రయాణమంటే సగం రాత్రులు బడి వరండాలోనో, పంచాయతీ ఆఫీసు అరుగుమీదో గడుస్తాయి. అక్కడ పెగ్ దిగదు, పైకప్పు ఎలాగూ ఉంది, కావాల్సింది దోమతెర. ఏజెన్సీలో మలేరియాని తేలిగ్గా తీసుకోకూడదు. తనంతట తాను నిలబడే పోల్, చాలావరకు దోమతెరతో చేసిన గది ఉన్న టెంట్ అక్కడ ఫ్లై లేకుండానే అరుగుమీద నిలుస్తుంది. ఎంఎస్ఆర్ హబ్బా హబ్బా, బిగ్ ఆగ్నెస్ కాపర్ స్పర్ ఈ కోవవి. హబ్బా హబ్బా పాత ఎన్‌ఎక్స్ మోడల్ 1.7 కిలోలు, 2022లో వచ్చినది కిలోన్నర లోపు. రెండు పక్కలా రెండు ద్వారాలు. కాపర్ స్పర్‌లో బైక్‌ప్యాక్ అనే రకానికి పోల్ ముక్కలు 30 సెం.మీ. పొడవే. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ సైకిల్‌కి ఇదే ప్రాణం. డ్రాప్ హ్యాండిల్‌బార్, అంటే చివరలు కిందికి వంగిన రకం, మధ్య ఖాళీ 40 సెం.మీ. అటూ ఇటూగా ఉంటుంది. మామూలు టెంట్ల 45 సెం.మీ. పోల్స్ అందులో పట్టక బ్రేక్ లీవర్లకి అడ్డం పడతాయి. మీ టెంట్ పోల్స్ పొడవైనవైతే కొత్త టెంట్ కొననక్కర్లేదు. పోల్స్ విడిగా గుడ్డసంచిలో చుట్టి ఫ్రేమ్ పైగొట్టం వెంట మూడుచోట్ల వెల్క్రోతో కట్టండి. బట్ట మాత్రమే హ్యాండిల్‌బార్‌కి వెళ్తుంది. పోల్ తగిలేచోట పాత ట్యూబు ముక్క చుట్టకపోతే అనంతగిరి ఘాట్ దిగేసరికి పెయింట్ లేచిపోతుంది.

నడిచేవాళ్ళకి లెక్క వేరు. చేతికర్రలు ఎలాగూ ఉంటాయి, వాటినే పోల్స్‌గా వాడే డర్‌స్టన్ ఎక్స్-మిడ్ ఒకరిది సుమారు 800 గ్రాములే. ఫ్లై పాలిస్టర్, పైన సిలికాన్, లోపల పీఈయూ. మన తేమకి ఇంత సరిపడే బట్ట కలయిక కొత్త టెంట్లలో తక్కువ. దీర్ఘచతురస్రంగా నాలుగు మూలలూ కొట్టి, రెండు కర్రలు లేపితే అయిపోతుంది. సైకిల్ మీదైతే కర్రలు విడిగా మోయాలి, అప్పుడు ఆదా చేసిన బరువులో కొంత వెనక్కి వచ్చేస్తుంది.

జీప్యాక్స్ డ్యూప్లెక్స్ లాంటివి సుమారు అరకిలోకే ఇద్దరికి చోటిస్తాయి. వాటి బట్ట డైనీమా అనే గట్టి పోగుతో చేసిన పొరబట్ట, 1992 అమెరికాస్ కప్ పడవ పోటీలో తెరచాపల నుంచి వచ్చింది. నీరు పీల్చదు, సాగదు. కానీ లోపల వేరే గది లేని ఒకే గోడ కావడంతో మంచు కురిసే రాత్రి లోపల ఊపిరి తేమంతా గోడకి పట్టి, కదిలినప్పుడల్లా మీద పడుతుంది. వంజంగిలో మేఘాలు చూడటానికి పోయేవాళ్ళు కోరుకునేదే తేమ నిండిన గాలి. అలాంటి చోటికి అంత డబ్బు పోసి ఇది తెచ్చుకోమని చెప్పలేం.

ఎన్‌సీసీ క్యాంపుల్లో చూసిన కాన్వాస్ గుడారాలు ఇప్పటికీ మేలంటారు కొందరు. తడిస్తే నూలు ఉబ్బి కన్నాలు పూడుకునే మాట నిజమే, ఉక్క కూడా తక్కువే. క్యారియర్ మీద మోసేవి కావు, బూజు పడితే వదలదు.

నేల గురించి. మన కొండల ఎర్రమట్టి వానాకాలంలో వెన్నలా ఉంటుంది, ఫిబ్రవరి దాటాక సిమెంటులా మారుతుంది. అప్పుడు 6 గ్రాముల టైటానియం తీగ పెగ్గులు వంగిపోతాయి. వై ఆకారపు అల్యూమినియం పెగ్గులు, ఒక్కొక్కటి 15 గ్రాముల లోపువి, నాలుగైనా ఉండాలి. తీరపు ఇసుకలో మామూలు పెగ్గులు ఆగవు. ఒక్కో తాడుకి ఒక గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతి కట్టి, అడుగు లోతున అడ్డంగా పాతి, పైన తొక్కండి. కటికి జలపాతం లాంటి చోట్ల నీటి పక్కనే వేయకుండా కాస్త పైకి జరిగితే మంచు తగ్గుతుంది. లోయ అడుగున చల్లగాలి పేరుకుంటుంది, లంబసింగిలో అంత చలి అందుకే. అటవీ భూమిలో అనుమతి, తోటల్లో సొంతదారు మాట తీసుకోకుండా వేయొద్దు.

బాగుచేసుకోవడం. పూర్తి సిలికాన్ ఫ్లై కుట్లలో కారితే, హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శక సిలికాన్ సీలెంట్ ఒక వంతు, పెయింట్ షాపులో ఎంటీఓ అని ఇచ్చే మినరల్ టర్పెంటైన్ రెండు మూడు వంతులు కలిపి, బ్రష్‌తో కుట్లమీద పలచగా పూసి ఒకరోజు ఆరనివ్వండి. తర్వాత టాల్కం పౌడర్ చల్లితే అంటుకోదు. పీయూ వైపు ఇది పట్టదు, దానికి పీయూ సీలరే కావాలి. పూత బంకగా మారిన ఫ్లై మీద డబ్బు పెట్టకండి. పోల్స్, దోమతెర గది ఉంచుకుని, సిలికాన్ బట్ట కొని పాత ఫ్లైనే కొలతకిచ్చి బ్యాగులు కుట్టేవాళ్ళ చేత కుట్టించుకోండి. జిప్ పళ్ళు కరుచుకోకపోతే జిప్ మార్చక్కర్లేదు. స్లయిడర్ రెండు అంచుల్నీ పటకారుతో కొంచెం నొక్కండి, ఒక్కసారిగా గట్టిగా నొక్కితే విరుగుతుంది. పోల్‌లో ఎలాస్టిక్ సాగిపోతే పోల్ మొత్తం పొడవులో ముప్పావు వంతు కొత్తది వేసి ముడివేయండి.

సముద్రం పక్క ఒక్కరాత్రి వేసినా పోల్ కీళ్ళు, జిప్‌లు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు పట్టిన అల్యూమినియం కీళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటే తర్వాత లాగినా రావు. ఫ్లైని నీడలో ఆరేయండి, ఎండలో వద్దు. కుట్లూ, తాళ్ళు కుట్టినచోట పట్టీలూ చివర ఆరతాయి, అవి చెంపకి ఆనించినా చల్లగా తగలకుండా ఉంటేనే ఆరినట్టు. తర్వాత టెంట్ సంచిలో కాకుండా పాత తలగడ గలీబులో వదులుగా వేసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో ఉంచండి. రేకుల కింద అటక వద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి తీసి, ఫ్యాన్ కింద ఒక పూట పరవండి.