పతకమా, కొన్ని నెలల ఆశ్రయమా?

మానవ హక్కుల కోసం నిలబడేవారికి యూనివర్సిటీలు ఏమిస్తే మేలు? అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ అలాంటివారికి 1990 నుంచి వాలెన్‌బర్గ్ పతకం ఇస్తోంది. ఆ పేరు స్వీడన్ దౌత్యవేత్త రౌల్ వాలెన్‌బర్గ్‌ది. ఆయన 1935లో అక్కడే ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నారు. 1944లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో స్వీడన్ రక్షణ పాస్‌పోర్టులు పంచి, నాజీల బారి నుంచి వేల మంది యూదుల ప్రాణాలు కాపాడారు. మరుసటి జనవరిలో సోవియట్ సేనలు పట్టుకెళ్లాక తిరిగి రాలేదు. తొలి పతకం నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన రచయిత ఎలీ వీజెల్‌కు దక్కింది. పతకం అందుకున్నవారు విద్యార్థుల ముందు ప్రసంగిస్తారు. నాకు పతకం కన్నా ఆ ప్రసంగమే విలువైనదనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీ దారి వేరు. ప్రమాదంలో ఉన్న హక్కుల కార్యకర్తలను పిలిచి, కొన్ని నెలలు చదువుకోనిస్తుంది, ఊపిరి పీల్చుకోనిస్తుంది. తర్వాత వాళ్లు మళ్లీ తమ పనిలోకి వెళ్తారు.

పేరు నలుగురికీ తెలిస్తే కొంత రక్షణే. కానీ ఇంటి మీద నిఘా ఉన్న మనిషికి ముందు కావాల్సింది టెన్షన్ లేని నిద్ర. అందుకే నా ఓటు యార్క్‌కే.